ఆదాయాన్ని శాతాలతో రాబట్టే లెక్క

ఖర్చు లేదా పొదుపు ఎంతో, అది ఆదాయంలో ఎంత శాతమో తెలిసినప్పుడు మొత్తం ఆదాయాన్ని కనుక్కునే అంకగణిత పద్ధతి. ఒక కుటుంబం సంపాదనలో 20 శాతం దాచుకుని, నెలకు 24,000 రూపాయలు ఖర్చు పెడుతోందనుకుంటే ఆ ఖర్చు 80 శాతం. 24,000ను 80తో భాగించి 100తో గుణిస్తే ఆదాయం 30,000 అని తేలుతుంది. ఖర్చుకే 20 శాతం కలిపి 28,800 అనేయడం తరచూ జరిగే పొరపాటు. ఆ నూరు ఆదాయానిదా, ఖర్చుదా అన్న ప్రశ్నలోనే ఈ లెక్క ప్రాణమంతా ఉంది.

మిగులు నుంచి మొదటి సొమ్మును రాబట్టడం శాతం గుర్తు పుట్టకముందే మన గణితంలో ఉంది. సుమారు 850లో మహావీరాచార్యుడు రాసిన గణితసార సంగ్రహంలో ఇలాంటివి శేషజాతి లెక్కలుగా కనిపిస్తాయి. ఆ గ్రంథాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. శాస్త్రగ్రంథాన్ని తెలుగులో చెప్పవచ్చని అంత తొందరగా నిరూపించిన ఆయనకు రావలసినంత పేరు రాలేదు.

భాస్కరాచార్యుడి లీలావతి (1150)లోని యాత్రికుడి లెక్క ఈ కోవలో అన్నిటికంటే అందమైనది. అతడు ప్రయాగలో సగం, మిగిలినదానిలో తొమ్మిదింట రెండు వంతులు కాశీలో, ఆపై మిగిలినదానిలో పావు సుంకానికి, ఆ తర్వాతి మిగులులో పదింట ఆరు వంతులు గయలో ఖర్చు చేస్తాడు. చేతిలో 63 నిష్కాలు ఉంటాయి. దీన్ని ఇష్టకర్మతో విప్పుతారు. మొదటి సొమ్ము 1 అనుకుని ఖర్చులన్నీ తీసేస్తే అరవైలో ఏడు వంతులు మిగులుతాయి. 63ను దానితో భాగిస్తే 540. నేటి పాఠ్యపుస్తకాల్లో ఆదాయాన్ని 100 అనుకోవడం కూడా ఇష్టకర్మే.

నూటికి ఇంత అని కట్టే అలవాటు వడ్డీల నుంచి బలపడింది. కౌటిల్యుడి అర్థశాస్త్రం నూరు పణాలకు నెలకు ఒకటింబావు పణం ధర్మబద్ధమైన వడ్డీ అంది. తెలుగు ఊళ్లలో ఇప్పటికీ ‘నూటికి రెండు రూపాయలు’ అంటే నెలకనే అర్థం, అంటే ఏడాదికి 24 శాతం. శాతం గుర్తు ఇటలీ వర్తకుల ‘పర్ చెంతో’ అన్న మాట కుదించుకుపోగా వచ్చింది.

రూపాయికి పదహారణాలున్న రోజుల్లో వాటాలను అణాల్లో చెప్పేవారు. నాలుగణాలంటే పావు వంతు. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు రావడంతో ఒక శాతం సరిగ్గా రూపాయికి ఒక పైసా అయింది.

జర్మన్ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లో, ఆదాయం పెరిగేకొద్దీ అందులో తిండి ఖర్చు శాతం తగ్గుతుందని గుర్తించాడు. దాంతో ఖర్చుల శాతాలు కుటుంబాల స్థితిగతుల కొలమానమయ్యాయి. భారత ప్రభుత్వ గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం 2022–23లో గ్రామాల్లో తిండి వాటా సుమారు 46 శాతం, పట్టణాల్లో 39 శాతం. ఇక్కడ నూరు అంటే మొత్తం వినియోగ ఖర్చు. కుటుంబం ఎంత దాస్తోందో తెలియనిదే ఈ అంకెల నుంచి దాని ఆదాయం రాదు.