సితివేని రబుకా

సితివేని రబుకా (జననం: 13 సెప్టెంబరు 1948) ఫిజీ సైనికాధికారి, రాజకీయ నాయకుడు. తుపాకీతో ప్రభుత్వాన్ని కూల్చి, తర్వాత ఓట్లతో ప్రధానమంత్రి అయ్యారు. నీలగిరిలోని వెల్లింగ్టన్ సైనిక కళాశాలలో చదివారు.

తిరుగుబాటు: 1987 మే 14 ఉదయం పార్లమెంటు సందర్శకుల గ్యాలరీలో మామూలు దుస్తుల్లో కూర్చున్న లెఫ్టినెంట్ కల్నల్ రబుకా లేచి ముందుకు నడిచారు. ముసుగులు వేసుకున్న పదిమంది సాయుధ సైనికులు సభలోకి చొరబడి, నెల రోజుల ముందే ఎన్నికల్లో గెలిచిన ప్రధాని తిమోతి బవాద్రా ప్రభుత్వ సభ్యులను బందీలుగా పట్టుకున్నారు. ఆ ప్రభుత్వంలో భారత సంతతి మంత్రులు ఉండటమే తిరుగుబాటుదారుల ప్రధాన అభ్యంతరం. సెప్టెంబరులో మరోసారి తిరుగుబాటు జరిపి, ఫిజీని గణతంత్రంగా ప్రకటించారు.

తెలుగువారు: 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఫిజీ చెరకు తోటలకు వెళ్లిన కూలీల్లో ఉత్తర ఆర్కాటు జిల్లావాసులు ఎక్కువ, తెలుగు ప్రాంతమైన చిత్తూరు అప్పట్లో ఆ జిల్లాలోదే. 1987 తర్వాత వేలాది భారత సంతతి కుటుంబాలు, తాతలు చెమటోడ్చిన నేలను వదిలి వలసపోయాయి. ఆ గాయం చిన్నది కాదు.

ఎన్నికలు: 1992లో ప్రధాని అయ్యారు. ప్రతిపక్ష నేత జైరామ్ రెడ్డితో కలిసి, జాతి వివక్షను తగ్గించిన 1997 రాజ్యాంగాన్ని తెచ్చారు. 1999లో ఓడి, 2022 డిసెంబరులో మళ్లీ ప్రధాని అయ్యారు. 2023 మే 14న ఆ తిరుగుబాటుకు బహిరంగంగా క్షమాపణ కోరారు. తొలి భారతీయ కూలీల ఓడ 1879లో ఫిజీ చేరిన తేదీ కూడా అదే.