ఎసట్లో పడని పిడికెడు బియ్యం

అన్నం వండబోయే ముందు, చేటలో చెరిగి రాళ్ళు ఏరిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, ఆ తరువాతనే మిగిలిన బియ్యాన్ని కడిగి ఎసట్లో పోసే ఆచారం భారతదేశంలో అనేక ప్రాంతాల్లో, ఒకదానితో ఒకటి పెద్దగా సంబంధం లేని మత సమాజాల్లో కనిపిస్తుంది. కొన్నిచోట్ల అది భిక్షకులకోసం, కొన్నిచోట్ల గుడికోసం, మరికొన్నిచోట్ల చర్చికోసం లేదా ఒక సామాజికోద్యమం కోసం తీసిపెట్టిన బియ్యం. పేర్లు, ఉద్దేశాలు వేరైనా దాన్ని పాటించినది మాత్రం అంతటా ఒకరే: తెల్లవారకముందే లేచి, ఇంటి చాకిరీ ముగిసేసరికి పొద్దు వాలిపోయే గృహిణి, అందులోనూ పిల్లల తల్లి. ధ్యానానికి గాని, పారాయణానికి గాని, తీర్థయాత్రకు గాని తీరిక లేని ఆ మనిషి తనకు దొరికిన తిండికి కృతజ్ఞత చెప్పుకోవడానికి తన పనిలోనే ఒక చోటు చూసుకుంది. ఆ చోటు ఎలా ఏర్పడింది, ఎవరు దాన్ని సంస్థగా మలిచారు, దానివల్ల ఏమి సమకూడింది అన్నది మన సామాజిక చరిత్రలో తగినంత పట్టించుకోని అధ్యాయం.

ప్రాచీన భారతీయ సంప్రదాయంలో కృతజ్ఞతను ఋణంగా భావించారు. మనిషి దేవతలకు, ఋషులకు, పితృదేవతలకు పుట్టుకతోనే బాకీపడి ఉంటాడని తైత్తిరీయ సంహిత చెబితే, శతపథ బ్రాహ్మణం వీటికి తోడు సాటి మనుషుల ఋణాన్ని కూడా చేర్చింది. ఈ బాకీలను రోజూ కొంత కొంత తీర్చుకునే పద్ధతికే పంచమహాయజ్ఞాలని పేరు. వేదాధ్యయనం, పితృతర్పణం, హోమం, సమస్త ప్రాణులకు బలి పేరిట అన్నపు ముద్దలు పెట్టడం, అతిథికి భోజనం పెట్టడం అనే ఈ అయిదూ గృహస్థుడి నిత్యవిధులు. వీటి అవసరానికి మనుస్మృతి చూపిన కారణం ఆలోచించదగినది. ప్రతి ఇంటిలోనూ పొయ్యి, తిరగలి, చీపురు, రోలు రోకళ్ళు, నీళ్ళకుండ అనే అయిదు సూనలు, అంటే తెలియకుండానే చిన్న ప్రాణులకు హాని జరిగే తావులు, ఉంటాయనీ, ఆ దోషం పోవడానికే అయిదు యజ్ఞాలు చేయాలనీ ఆ గ్రంథం మూడవ అధ్యాయం చెబుతుంది. ఈ అయిదూ ఆడవాళ్ళ చేతి పనిముట్లు. వాటివల్ల ఏర్పడే బాకీ తీర్చే అధికారం మాత్రం శాస్త్రం పురుషుడికి ఇచ్చింది. అయితే అదే అధ్యాయంలో, సాయంకాలం వండిన అన్నంలోంచి భార్య మంత్రం లేకుండా బలి సమర్పించాలన్న విధి కూడా ఉంది. మంత్రం లేదన్నది స్త్రీకి విధించిన లోపమే కావచ్చుగాని, పురోహితుడి ప్రమేయం లేకుండా, ఒక్క మాట పలకకుండా, వంటింటిలోనే ముగిసే ఒక నిత్యకృత్యానికి శాస్త్రం కూడా చోటు ఇవ్వక తప్పలేదన్న సంగతి అంతకంటే ముఖ్యం.

తెలుగునాట ఈ ఇచ్చే చేయి ఎక్కువగా వాకిట్లో కనిపిస్తుంది. యాయవారం చేసుకునే బ్రాహ్మణుడు, జంగమదేవర, బుడబుక్కలవాడు, గంగిరెద్దులవాడు, ధనుర్మాసంలో తలమీద అక్షయపాత్ర పెట్టుకుని కీర్తనలు పాడుతూ వచ్చే హరిదాసు, వీరందరికీ బియ్యం పోసేది ఇల్లాలే. హరిదాసు వచ్చినప్పుడు తల్లులు తాము పోయకుండా పిల్లల దోసిట బియ్యం పెట్టి పంపడం, ఆయన మోకాళ్ళమీద కూర్చుని పాత్రను పిల్లల చేతికి అందేలా వంచడం కోస్తా జిల్లాల్లో నేటికీ చూడవచ్చు. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని ప్రతి గింజకూ కొలత ఉన్న ఇంటిలో ఈ దానానికి మాత్రం కొలపాత్ర లేదు. ఇంటి లెక్కలో బియ్యం సోలల్లో ఖర్చవుతుంది, దానం పిడికిలితో జరుగుతుంది. యజమానిని అడగకుండా, గాదె తాళం తీయించుకోకుండా, ఆమె తన ఇష్టప్రకారం ఇవ్వగలిగిన పరిమాణం అంతే. ఈ ఆచారం ఆడవాళ్ళ చేతుల్లో నిలవడానికి భక్తి ఎంత కారణమో ఈ స్వేచ్ఛ కూడా అంతే కారణం.

ఈ ఆచారం అత్యంత స్పష్టమైన, కాలం తెలిసిన రూపం తీసుకున్నది మాత్రం తెలుగు దేశానికి చాలా దూరంలో, ఈశాన్యాన నేటి మిజోరంలో. అప్పటి పేరుతో చెప్పాలంటే అది లుషాయి కొండల జిల్లా. 1894లో లోరెయిన్, సావిడ్జ్ అనే ఇద్దరు ఇంగ్లీషు మిషనరీలు అక్కడికి చేరి మిజో భాషకు రోమన్ లిపిని కూర్చారు. 1897లో వేల్స్ ప్రెస్బిటేరియన్ మిషన్ తరఫున డి.ఇ. జోన్స్ ఐజాల్ వచ్చాడు. సంఘం పెరిగినకొద్దీ, ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళకు చదవడం నేర్పుతూ వాక్యం వినిపించే ‘బైబిల్ స్త్రీ’లను పోషించవలసిన అవసరం వచ్చింది. ఆ కొండల్లో నాణేల చలామణి బహుకొద్ది, ఆడవాళ్ళ చేతిలో అది దాదాపు లేనట్టే. 1910లో అక్కడి క్రైస్తవ స్త్రీలు ‘బుహ్‌ఫాయ్ థామ్’ అనే పద్ధతిని మొదలుపెట్టారు. బుహ్‌ఫాయ్ అంటే దంచిన బియ్యం, థామ్ అంటే పిడికెడు. పూట పూటకూ వంట మొదలుపెట్టే ముందు తల్లి ఒక పిడికెడు బియ్యం తీసి విడిగా ఒక పాత్రలో వేస్తుంది. వారానికి ఒకసారి సంఘం ఆడవాళ్ళు బుట్టలతో ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యాన్ని ఒకచోట చేరుస్తారు. దాన్ని అమ్మగా వచ్చిన సొమ్ము సంఘానికి జమ అవుతుంది.

ఆ పిడికెడు విలువ తెలియాలంటే ఆనాటి మిజో తల్లి దినచర్య తెలియాలి. చీకటితోనే లేచి చెక్క రోటిలో ధాన్యం దంచడం, లోయలో ఉన్న ఊటకు దిగి వెదురు గొట్టాల్లో నీళ్ళు నింపి, వాటిని బుట్టలో పెట్టుకుని నొసటికి పట్టీ తగిలించి వీపుమీద మోసుకుంటూ కొండ ఎక్కడం, పగలంతా పోడు పొలంలో కలుపు తీయడం, తిరుగుదారిలో కట్టెలు తేవడం, రాత్రి నెగడు వెలుగులో దారం వడకడం. పసిబిడ్డ ఉంటే ఈ పనులన్నీ బిడ్డను వీపున కట్టుకునే చేయాలి. అంటే ఆమె పాత్రలో వేసిన పిడికెడు బియ్యం, అంతకు కొన్ని గంటల ముందు ఆమె స్వయంగా దంచినదే. ఉపవాసమో జాగరణో ఆమెను చేయమని ఉంటే ఆ సంప్రదాయం ఒక తరం కూడా నిలిచేది కాదు. రోజూ ఎలాగూ చేసే పని మధ్యలో, చేయి ఒక్కసారి పక్కకు తిప్పితే చాలు అన్నందువల్లనే అది నిలిచింది.

నిలవడమే గాక పరీక్షకు కూడా తట్టుకుంది. ఆ కొండల్లో ఒక జాతి వెదురు సుమారు 48 ఏళ్ళకు ఒకసారి పూస్తుంది. ఆ పూతకు కాసిన గింజలు తిని ఎలుకలు విపరీతంగా పెరిగి, వెదురు గింజ అయిపోగానే పంటమీద పడతాయి. మిజోలు ‘మౌతామ్’ అనే ఈ కరువు 1911–12లో, అంటే ఆచారం మొదలైన మరుసటి ఏడాదే, కొండలను కుదిపేసింది. తినడానికి లేని ఇంట్లో తీసిపెట్టడానికి ఏముంటుందన్న ప్రశ్న సహజం. కరువు గడిచింది, ఆచారం మిగిలింది. 1959లో మళ్ళీ మౌతామ్, 1966లో సాయుధ తిరుగుబాటు, 1967 నుంచి ఊళ్ళకు ఊళ్ళను ఖాళీ చేయించి జనాన్ని సైనిక కాపలాలో కొత్త ఆవాసాలకు చేర్చిన కాలం, ఇవన్నీ దాటి అది శతాబ్ది పూర్తి చేసుకుంది. నేడు ఆ పిడికిళ్ళ నుంచి మిజో ప్రెస్బిటేరియన్ సంఘానికి ఏటా కోట్ల రూపాయలు సమకూడుతున్నాయి. పిడికిలికి 40 గ్రాములు అనుకుని రెండు పూటలకు లెక్కవేసినా, ఒక్క ఇంటినుంచి ఏడాదికి 29 కిలోలు వస్తాయి కనుక ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు.

అదే కాలంలో తెలుగునేలమీద ఇటువంటి ప్రయత్నం నిజాం రాజ్యంలోని డోర్నకల్‌లో జరిగింది. తిరునెల్వేలి ప్రాంతంనుంచి వచ్చిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912లో ఆంగ్లికన్ సంఘానికి మొట్టమొదటి భారతీయ బిషప్ అయి, 1945లో మరణించేవరకు డోర్నకల్ అధ్యక్షమండలాన్ని నడిపాడు. ఆయన సంఘంలో అత్యధికులు మాల, మాదిగ కులాలవారు, భూమి లేని వ్యవసాయకూలీలు, కూలిని చాలావరకు గింజల రూపంలో అందుకునేవారు. విదేశీ ధనంమీద ఆధారపడిన సంఘం ఎన్నటికీ తనకాళ్ళమీద నిలబడదనీ, ఎంత పేదవాడికైనా ఇచ్చే హక్కు ఉంటుందనీ అజరయ్య గట్టిగా నమ్మాడు. దానంపై ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశాడు. వంటకు ముందు పిడికెడు గింజలు తీసిపెట్టి ఆదివారం గుడికి తేవడం ఆయన సంఘంలోని స్త్రీలకు నిత్యాచారమైంది. హిందూ, ముస్లిం, క్రైస్తవ శిల్పరీతులను కలిపి కట్టించిన డోర్నకల్ కథీడ్రల్ 1939లో ప్రతిష్ఠితమైంది. తరతరాలుగా ఊరి వాకిళ్ళలో పుచ్చుకునే స్థానంలోనే సమాజం నిలిపిన స్త్రీలు ఇక్కడ ఇచ్చేవారయ్యారు. ఈ ఆచారం మొత్తం చరిత్రలో ఇంతకంటే పెద్ద మార్పు మరొకటి లేదు.

ఇతర ఉదాహరణలను క్లుప్తంగా చెప్పవచ్చు. 1905 నాటి స్వదేశీ ఉద్యమకాలంలో బెంగాల్‌లో ఇంటింటి పిడికెడు బియ్యం జాతీయ కార్యాలకు నిధి అయింది. కంచి పీఠాధిపతి చంద్రశేఖరేంద్ర సరస్వతి తమిళ గృహిణులకు ‘పిడి అరిసి’ పేరుతో ఇదే విధిని ఉపదేశించి, చేరిన బియ్యాన్ని గుడిలో వండి నివేదించి పేదలకు పెట్టించాడు. 1951 ఏప్రిల్ 18న తెలంగాణలోని పోచంపల్లిలో భూదానోద్యమానికి నాంది పలికిన వినోబా భావే, ఆ దశాబ్దం చివరలో ‘సర్వోదయ పాత్ర’ను ప్రచారం చేశాడు. ప్రతి ఇంటిలోనూ ఒక పాత్ర ఉంచి, అందులో రోజూ పిడికెడు గింజలు పిల్లల చేత వేయించాలని ఆయన కోరాడు. హరిదాసుకు పిల్లలచేత బియ్యం పోయించిన తెలుగు తల్లికి ఈ మాట కొత్తగా తోచి ఉండదు.

అయితే ఈ చరిత్రలో ఒక అన్యాయం కూడా ఉంది. బియ్యం ఆడవాళ్ళ పిడికిలినుంచి వచ్చింది, దాన్ని ఎలా ఖర్చుపెట్టాలో నిర్ణయించినది చాలాచోట్ల మగవాళ్ళ సభలు. మిజోరం ప్రెస్బిటేరియన్ సంఘంలో ఈ ఆచారానికి వందేళ్ళు నిండిన 2010 నాటికి కూడా స్త్రీలకు పాస్టరు దీక్ష లేదు. ఒకచోట పోసిన బియ్యంలో ఎవరి పిడికెడు ఏదో తెలియదు కనుక, పద్దుల్లో మొత్తం సొమ్మే మిగిలింది, ఇచ్చినవారి పేర్లు మిగలలేదు.

2003లో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకలో అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు, తమకు కలిగిన మేళ్ళను క్రమంగా రాసుకునేవారిలో సంతృప్తి పెరుగుతుందని తమ అధ్యయనంలో చూపిన తరువాత, కృతజ్ఞతను డైరీలో రాసుకొమ్మన్న సలహా ప్రపంచమంతా పాకింది. సలహా మంచిదే గాని, ఇల్లూ ఉద్యోగమూ మోసే తల్లికి అది మరో పనిగా మారే ప్రమాదం ఉంది. పిడికెడు బియ్యం ఆచారం ఆమె సమయాన్ని అడగలేదు, పైగా ఆమె కృతజ్ఞతను మరొకరి ఆకలికో చదువుకో చేర్చింది. ప్రెషర్ కుక్కర్, కొలత కప్పు, ఇరవై అయిదు కిలోల బస్తా వచ్చాక తెలుగు ఇళ్ళలో ఆ కుండ చాలావరకు అటకెక్కింది. దాన్ని వాడిన చేతులు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉన్నాయి. ఆ అమ్మమ్మలను, నాయనమ్మలను కూర్చోబెట్టి, ఎవరికోసం తీసేవారు, ఏ పూట తీసేవారు, కరువులో ఏమి చేసేవారు అని అడిగి వారి పేర్లతో సహా రాసిపెట్టే పని స్థానిక చరిత్రకారులు, పాఠశాలలు, చర్చిలు, దేవాలయాలు ఇప్పుడే చేపట్టాలి.