గాయానికి పరిహారం, బాధితునికి వకీలు

గాయపడిన మనిషికి రెండు అవసరాలుంటాయి. పోయిన అవయవానికి, ఆగిపోయిన సంపాదనకు తగిన పరిహారం మొదటిది. దాన్ని న్యాయస్థానంలో అడిగి ఇప్పించే ప్రతినిధి రెండవది. ఇస్లామీయ ధర్మశాస్త్రం ఈ రెండింటినీ తొలి నుండీ గుర్తించింది. భారతదేశంలో ఇవి ఒకదానికొకటి దూరమై, మళ్ళీ ఎలా దగ్గరయ్యాయన్నది తెలుసుకోదగిన చరిత్ర.

పొరపాటున ప్రాణం తీసినవాడు మృతుని వారసులకు దియత్ చెల్లించాలని దివ్య ఖుర్ఆన్ (4:92) ఆదేశించింది. అవయవ నష్టానికి చెల్లించే పరిహారాన్ని ఫఖీహులు 'అర్ష్' అన్నారు. దైవప్రవక్త (స) యెమెన్‌కు పంపిన అమ్ర్ బిన్ హజ్మ్ (రజి) లేఖగా హదీసు గ్రంథాలు పేర్కొనే పత్రంలో ప్రాణానికి 100 ఒంటెలు, ఒక కంటికి 50, వ్రేలికి 10, పంటికి 5 అని ఉంది. బొటనవ్రేలికీ చిటికెనవ్రేలికీ తేడా లేదు. వెల ఇంతని నిర్ణయించని గాయాలకు న్యాయబుద్ధితో అంచనా వేసే 'హుకూమతె అద్ల్' పద్ధతి ఏర్పడింది.

పొరపాటు నేరంలో దియత్ భారం ఒక్కడి నెత్తిన పడేది కాదు. అతని 'ఆఖిలా', అనగా బంధువర్గం, మూడేళ్ళలో పంచుకుని చెల్లించేది. హజ్రత్ ఉమర్ (రజి) దీవాన్ ఏర్పరచిన తరువాత, ఒకే దీవాన్‌లో జీతం పొందేవారిని హనఫీలు ఆఖిలాగా లెక్కించారు. దోషి పేదవాడైనా బాధితుడు నష్టపోకూడదన్నదే ఇందులోని ఉద్దేశం.

గాయం మచ్చ కూడా మిగలకుండా మానిపోతే ఏమిటి? ఈ ప్రశ్నపై హనఫీ ఇమాముల భిన్నాభిప్రాయాలను మర్గీనానీ 'హిదాయా'లో నమోదు చేశారు. ఏమీ రాదని ఇమామ్ అబూ హనీఫా అన్నారు. పడిన బాధకు పరిహారం ఉందని ఇమామ్ అబూ యూసుఫ్, వైద్యుని ఖర్చు చెల్లించాలని ఇమామ్ ముహమ్మద్ అన్నారు. నేటి న్యాయస్థానాలు 'బాధ, వేదన' అనీ 'వైద్య వ్యయం' అనీ వేర్వేరు పద్దులు కట్టేది కూడా ఈ రెండింటికే.

ఇక వకీలు. హజ్రత్ అలీ (రజి) తన వ్యాజ్యాలకు ముందు అఖీల్‌ను, ఆయన వృద్ధుడైన తరువాత అబ్దుల్లాహ్ బిన్ జాఫర్‌ను వకీలుగా నియమించినట్లు ఫిఖహ్ గ్రంథాలు చెబుతాయి. రోగికీ ప్రయాణికునికీ ఎదుటి పక్షం అంగీకారం లేకుండానే వకీలును పెట్టుకునే హక్కును ఇమామ్ అబూ హనీఫా ఇచ్చారు. ఆయన శిష్యులిద్దరూ దాన్ని అందరికీ వర్తింపజేశారు. మంచం పట్టిన క్షతగాత్రునికి ఈ హక్కు ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు.

కంపెనీ పాలనలో పరిస్థితి మారింది. 1793 నాటి 7వ రెగ్యులేషన్ బెంగాల్ సివిల్ అదాలతులలో వకీళ్ళ నియామకాన్ని, రుసుములను క్రమబద్ధం చేసింది. వారిని కలకత్తా మదర్సా, బెనారస్ హిందూ కళాశాల విద్యార్థులలో నుండి ఎన్నుకోవాలన్నది. 1802 రెగ్యులేషన్లతో మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలకూ అటువంటి అదాలతులు వచ్చాయి. కాని బెంగాల్‌లో 1797లోనే దియత్ తీర్పుకు బదులు ఖైదు విధించాలన్న నిబంధన వచ్చింది. దోషి జైలుకు పోయేవాడు, బాధితుని ఇంటికి పైసా వచ్చేది కాదు. ఒక ప్రక్క వకీలు వృత్తి స్థిరపడుతుండగా, మరొక ప్రక్క అతడు వాదించవలసిన హక్కే చేజారింది. 1862లో భారత శిక్షాస్మృతి అమలులోకి రావడంతో బ్రిటిష్ ఇండియాలో ఇస్లామీయ నేరచట్టం స్థానం పూర్తిగా ముగిసింది.

పరిహార హక్కు క్రమక్రమంగా, వేరే దారిన తిరిగి వచ్చింది. 1855 చట్టం ఇతరుల తప్పిదం వల్ల మరణించినవారి భార్య లేక భర్త, తల్లిదండ్రులు, సంతానం తరఫున దావాకు వీలిచ్చింది. 1923 నాటి కార్మిక పరిహార చట్టం అవయవాలకు పట్టికను జతచేసింది. అయితే పునాది మారింది. షరీఅత్ శరీరానికి వెల కట్టగా, ఈ పట్టిక సంపాదనా శక్తికి వెల కట్టింది. అందుకే ఇక్కడ బొటనవ్రేలు, చూపుడువ్రేలు సమానం కాలేదు. 1939 మోటారు వాహనాల చట్టానికి 1956లో చేసిన సవరణ ప్రమాద పరిహారానికి ప్రత్యేక ట్రిబ్యునళ్ళకు దారి తీసింది. ఆఖిలా చేసిన పనిని ఇప్పుడు బీమా చేస్తున్నది.

వకీలును పెట్టుకోలేని పేదల కోసం 1987 న్యాయసేవల చట్టం వచ్చి, 1995లో అమలయింది. స్త్రీలు, పిల్లలు, వికలాంగులు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సహాయానికి అర్హులు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకుంటే చాలు. వచ్చే పరిహారంలో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం న్యాయవాదికి నిషిద్ధం. ఈ సంగతి తెలియక సగం సొమ్ము వదులుకునే కుటుంబాలకు దీన్ని తెలియజేయడం చదువుకున్నవారి బాధ్యత.

అరబీలో 'ముద్దఈ' అంటే హక్కు కోరేవాడు. తెలుగులో 'ముద్దాయి' అంటే నేరం మోపబడినవాడు. ఒక్క మాట అర్థం తారుమారు కావడం విచిత్రమే. కాని హక్కు కోరే బాధితుడు తానే తప్పు చేసినవానివలె కచేరీ గుమ్మంలో తలవంచుకుని నిలబడితే, అది విచిత్రం కాదు, అన్యాయం.