ఓటుకో చోటు

కాజులూరు మండలం కాకినాడ జిల్లాలో ఉంది. అక్కడి ఓటర్లు ఎమ్మెల్యేని ఎన్నుకునేది మాత్రం పక్క జిల్లా కోనసీమలోని రామచంద్రపురం నియోజకవర్గం నుంచి. 2008 నాటి పునర్విభజన రామచంద్రపురం, కె.గంగవరం, కాజులూరు మండలాలను ఒక గాటన కట్టింది. 2022 ఏప్రిల్ 4న వచ్చిన కొత్త జిల్లాలు కాజులూరును విడదీసి కాకినాడకిచ్చాయి. నియోజకవర్గం గీత ఒకరిది, జిల్లా గీత మరొకరిది. ఈ రెండింటి గురించీ పత్రికలు పేజీలు నింపాయి, ధర్నాలు జరిగాయి. ఓటరును అన్నిటికన్నా దగ్గరగా తాకే గీత ఇంకొకటుంది. ఏ వీధివాళ్లు ఏ బడిలో ఓటెయ్యాలో చెప్పే గీత అది. దాని కోసం రోడ్డెక్కినవాళ్లు అరుదు.

పోలింగ్ కేంద్రాల జాబితా చూడ్డానికి చప్పగా ఉంటుంది. వరుస సంఖ్య, ఊరు, భవనం, ఆ కేంద్రం కిందికొచ్చే వీధులు. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల అన్న పేరు పక్కనే ‘తూర్పు వైపు గది’ అనో ‘ఉత్తర భాగం’ అనో ఉంటుంది. ఒకే బడిలో రెండు మూడు కేంద్రాలుంటే ఆ దిక్కే ఓటరుకు దారి. జాబితాలో మరో గడి ఉంది: ఈ కేంద్రం అందరికా, పురుషులకా, స్త్రీలకా? ఇప్పుడు దాదాపు ప్రతిచోటా ‘అందరు ఓటర్లు’ అనే రాస్తారు. అయినా ఆ గడి పోలేదు.

మొదటి సాధారణ ఎన్నికల్లో దానికి నిజంగానే పని పడింది. 1951-52లో దేశమంతటా 1,96,084 పోలింగ్ బూతులు పెడితే, అందులో 27,527 స్త్రీలకే కేటాయించారు. తొలి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ముందున్న చిక్కు అంకెల్లో కనిపించేదానికన్నా పెద్దది. గోషా పాటించే ఇళ్ల ఆడవాళ్లు మగవాళ్ల వరుసలో నిలబడరు. బడి ఉన్న ఊళ్లే తక్కువ. పైగా అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. గుర్తు అంటించిన పెట్టెలన్నీ తెర వెనక వరసగా పెట్టాలి, ఓటరు ఒంటరిగా లోపలికెళ్లి తనకు నచ్చిన పెట్టెలో చీటీ వెయ్యాలి. అభ్యర్థులు ఎక్కువైతే గది చాలదు. ఈ పెట్టెల పద్ధతి మద్రాసు రాష్ట్రంలోని తెలుగువాళ్లకు కొత్త కాదు. 1937 శాసనసభ ఎన్నికల్లో రంగు పెట్టెలు వాడారు, కాంగ్రెసుది పసుపు పెట్టె. కాకపోతే అప్పుడు ఓటు ఆస్తో చదువో ఉన్న కొద్దిమందిదే. 1952లో పాలేరు కూడా ఓటరే. అంటే పాలేరుండే పేట నుంచి పెట్టె ఎంత దూరమన్న ప్రశ్న అప్పుడే మొదటిసారి పుట్టింది.

ఆ రోజుల్లో రామచంద్రపురం తూర్పు గోదావరిలో ఒక తాలూకా. ఊరి లెక్కలన్నీ కరణం చేతిలో ఉండేవి, ఎవరిల్లు ఏ వీధిలోనిదో ఆయన్నడిగితే తేలేది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది, మరుసటేడు తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. ఇప్పుడు ఆ పని బూత్ లెవెల్ అధికారిది. ఆయన గదిని చూసొస్తాడు, తహసీల్దారు నివేదిక తయారుచేస్తాడు, ఆర్డీవో స్థాయి ఓటరు నమోదు అధికారి సరిచూస్తాడు. జాబితా ప్రకటించాల్సింది జిల్లా ఎన్నికల అధికారి, అంటే కలెక్టరు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 25వ సెక్షన్ ప్రకారం దానికి ముందుగా ఎన్నికల సంఘం ఆమోదం కావాలి. రామచంద్రపురంలో ఒక గది పడమటి వైపు నుంచి తూర్పు వైపుకు మారినా ఢిల్లీ సరేననాలన్నమాట. అతిగా అనిపించవచ్చు కానీ, ఈ అధికారాన్ని ఊరి పెద్దమనుషులకు వదిలేస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

ఎన్నికల సంఘం మార్గదర్శకాల్లో గదికి కొలతలున్నాయి. కనీసం 20 చదరపు మీటర్లుండాలి. లోపలికి ఒక ద్వారం, బయటికి ఒక ద్వారం ఉంటే మేలు. కింది అంతస్తులోనే ఉండాలి, చక్రాల కుర్చీకి ర్యాంపు కావాలి. ప్రభుత్వ భవనానికే మొదటి పీట. పోలీసు స్టేషను, ఆస్పత్రి, గుడి, మసీదు, చర్చి పనికిరావు. కాబట్టి ద్రాక్షారామంలో భీమేశ్వరాలయం ఎంత విశాలంగా ఉన్నా, ఓటరు వెళ్లేది బడికే. 200 మీటర్ల లోపు పార్టీ కార్యాలయం ఉంటే ఆ భవనం వద్దంటారు. ఏ కేంద్రమైనా ఓటరుకు రెండు కిలోమీటర్లు దాటకూడదు.

ఈ రెండు కిలోమీటర్ల మాట మెట్ట ప్రాంతంలో సరిపోతుంది. డెల్టాలో దూరాన్ని కొలిచేది నీరు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తూర్పు డెల్టా అంతా కాలువలు, బోదెలు అల్లుకున్నాయి. ఎదురుగా కనిపించే బడికి వంతెన చుట్టూ తిరిగి పోవాలి. గౌతమి పాయల మధ్య లంకల సంగతి మరీను. అందుకే మార్గదర్శకాల్లో ఇంకో మాట చేర్చారు: ఏరో కొండో దాటి వెళ్లాల్సిన అవసరం ఓటరుకు వీలైనంతవరకు రాకూడదు. ఆ మాట విలువ కోనసీమకు వేరే చెప్పక్కర్లేదు. 2018 జూలైలో ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర బడిపిల్లలెక్కిన పడవ గౌతమిలో బోల్తాపడి ప్రాణాలు పోయాయి. రోజూ దాటే రేవే అలా ఉంటే, ఓటు కోసం ముసలీముతకా పడవెక్కాలని అడగడం న్యాయం కాదు. పోలింగ్ సిబ్బందే యంత్రాలు పట్టుకుని పడవెక్కాలి.

నీటికన్నా గట్టి అడ్డు ఊళ్లోనే ఉంది, అది కులం. అమలాపురం లోక్‌సభ స్థానం ఎస్సీ రిజర్వుడు, రామచంద్రపురం అందులోని ఏడు అసెంబ్లీ స్థానాల్లో ఒకటి. బడి పెద్దవీధిలో ఉంటే ఎస్సీ పేటవాళ్లు ఆ వీధిలోంచి నడిచే ఓటెయ్యాలి. గొడవలున్న ఏడాది ఆ నడకే ఓటును ఆపేస్తుంది. ఎస్సీలు, బలహీన వర్గాలు ఎక్కువగా ఉండేచోట కేంద్రాన్ని వాళ్ల వాడలోనే పెట్టమని ఎన్నికల సంఘం చెబుతోంది. బెదిరింపులకు గురయ్యే వాడలను పోలింగుకు ముందే గుర్తించమని కూడా అధికారులను ఆదేశించింది. కాగితం మీద ఇది బాగుంది. పేటలో పక్కా భవనం లేదని, గది చిన్నదని, ఎప్పుడూ అక్కడే కదండీ అని వచ్చే జవాబు దగ్గరే చాలాసార్లు కథ ఆగిపోతుంది. నా మట్టుకు ‘ఎప్పుడూ అక్కడే’ అన్నది కారణం కాదు, అలవాటు. చట్టంలో అలవాటుకు సెక్షన్ లేదు.

పోలింగ్ కేంద్రం ఎంత రాజకీయమో తెలియాలంటే ఆంధ్ర-ఒడిశా సరిహద్దులోని కొఠియా చూడాలి. అక్కడి 21 గ్రామాలు మావంటే మావని రెండు రాష్ట్రాలు దశాబ్దాలుగా కోర్టుకెక్కుతున్నాయి. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ పోలింగ్ పెడితే, ఒడిశా సుప్రీంకోర్టులో ధిక్కార పిటిషన్ వేసింది. బ్యాలెట్ పెట్టె ఎవరు పెడితే ఊరు వాళ్లదన్న లెక్క. భూమి పట్టాకన్నా పోలింగ్ కేంద్రం పెద్ద రుజువైపోయింది.

కేంద్రం ఎక్కడో తేలాక, ఎంతమందికన్నది మరో తగువు. గ్రామాల్లో 1,200, పట్టణాల్లో 1,400 మందని చాన్నాళ్లు లెక్క, తర్వాత 1,500 దాకా వెళ్లింది. 2025లో ఎన్నికల సంఘం మళ్లీ 1,200కే దించింది. దాంతో ఒక్క బిహార్‌లోనే కేంద్రాలు 77,895 నుంచి 90,712కు పెరిగాయి. మనకు 2024 మే 13 పోలింగ్ నాడు అర్ధరాత్రి దాటాక కూడా వరుసలు కదిలిన కేంద్రాలున్నాయి. సాయంత్రం గడువుకు వరుసలో ఉన్నవాళ్లందరికీ చీటీలివ్వాలి. ఆ చీటీలు తోక నుంచి ముందుకు పంచుతారు, కొత్తవాళ్లు వెనక చేరకుండా. పద్ధతి తెలివైనదే. కానీ చంటిబిడ్డతో ఏడెనిమిది గంటలు నిలబడే తల్లికి ఆ తెలివి ఏం ఆసరా? ఓటర్లు మించితే అదే బడిలో సంఖ్య పక్కన ‘ఏ’ తగిలించి అనుబంధ కేంద్రం తెరవొచ్చు. ఆ పని ముందే చెయ్యాలి.

ముందే అంటే, ముసాయిదా దశలో. జాబితాను మొదట ముసాయిదాగా స్థానిక భాషలో ప్రకటిస్తారు, అభ్యంతరాలు అడుగుతారు, పార్టీలతోనూ ప్రజాప్రతినిధులతోనూ సమావేశం పెడతారు. ఆ సమావేశానికొచ్చే పార్టీల మనుషులు తమ ఓట్లెక్కడున్నాయో చూసుకుంటారు, అందులో వింతేమీ లేదు. మామూలు ఓటరు ఆ కాగితం మొహం చూడడు. పోలింగ్ నాడు ఎండలో నడుస్తూ తిట్టుకుంటాడు. అప్పటికి గది మార్చాలంటే భవనం కూలాలి, లేదా వరద రావాలి, ఆపైన ఎన్నికల సంఘం ఒప్పుకోవాలి.

కాబట్టి ఈసారి తహసీల్దారు కార్యాలయం బోర్డు మీద పోలింగ్ కేంద్రాల ముసాయిదా కనిపిస్తే మీ వీధి ఏ గదికి పడిందో చూడండి. దూరమైనా, కాలువ అడ్డున్నా, మీ పేటవాళ్లు వెళ్లడానికి జంకే చోటైనా గడువులోగా అభ్యంతరం కాగితం మీద రాసివ్వండి. అందినట్టు సంతకం కూడా తీసుకోండి.