తాళం వేసిన ఇంట్లో నీటి గొట్టాలు, ట్రాపులు

నెలల తరబడి తాళం వేసే ఇళ్లలో నీటి గొట్టాల జాగ్రత్త ఊరి వాతావరణాన్ని బట్టి మారుతుంది. చలి దేశాల్లో నీరు గడ్డకట్టి గొట్టాలు పగలకుండా మొత్తం ఖాళీ చేస్తారు. అనంతపురం, కర్నూలు ఎండల్లో ఆ భయం లేదు. పిల్లలను చూడ్డానికి అమెరికా వెళ్లి ఆర్నెల్లు ఉండి వచ్చేవారి ఇంట్లో ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ట్రాపులు, అంటే నీరు నిలిచి ఉండే గొట్టపు వంపులు, ఎండిపోవడం.

సింకు కింద వంపు గొట్టంలో, కమోడ్‌లో, బాత్‌రూమ్ జాలీ కింది నహాని ట్రాపులో సుమారు 50 మిల్లీమీటర్ల లోతున నీరు ఎప్పుడూ నిలిచి ఉంటుంది. మురుగు వాయువులను, బొద్దింకలను ఇంట్లోకి రాకుండా ఆపేది ఆ కాస్త నీరే. అలెగ్జాండర్ కమింగ్ 1775లో పేటెంట్ పొందిన మరుగుదొడ్డిలోనూ ఈ వంపే కీలకం. వేసవిలో ఈ నీరు కొన్ని వారాల్లోనే ఆవిరైపోవచ్చు. 2003లో హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్‌లో 300 మందికి పైగా సార్స్ సోకింది. ఎండిన నేల ట్రాపుల గుండా మురుగు తుంపరలు ఇళ్లలోకి చేరడం అందుకు ఒక కారణమని దర్యాప్తులో తేలింది.

విరుగుడు చవకైనదే. ట్రాపును నీటితో నింపి, పైన నాలుగైదు చెంచాల లిక్విడ్ పారఫిన్ పోస్తే తెట్టులా పరుచుకుని ఆవిరిని ఆపుతుంది. వంటనూనె కూడా పనిచేస్తుంది గానీ కొన్నాళ్లకు చిక్కబడి కంపు కొడుతుంది. నూనె పోశాక మళ్లీ నీళ్లు పోస్తే అది కొట్టుకుపోతుంది. కమోడ్‌కు మూత వేసి, జాలీపై ప్లాస్టిక్ షీటు పరిచి బరువు పెట్టడం అదనపు రక్షణ.

సరఫరా వైపు, ఓవర్‌హెడ్ ట్యాంకు కింది గేట్ వాల్వును మూసి, ఒక కుళాయి తిప్పి గొట్టంలో ఒత్తిడి తీసేయాలి. బోరు నీటి ఉప్పు పేరుకున్న వాల్వు బిగుసుకుపోయి ఉంటుంది. బలవంతం చేస్తే స్పిండిల్ విరుగుతుంది. అందుకే ప్రయాణం రోజున కాకుండా వారం ముందే తిప్పి చూడాలి. ఆటోమేటిక్ మోటారును మెయిన్ దగ్గరే ఆపాలి. లేకపోతే ట్యాంకు కారిన ప్రతిసారీ అది నడిచి, చివరికి బోరు ఎండినా ఆగకుండా తిరిగి కాలిపోతుంది. సంపు మూత సందు లేకుండా బిగించాలి, లేకుంటే దోమలు పెరుగుతాయి.

తిరిగొచ్చాక కిటికీలు తెరిచి, నిల్వ నీటిలో లీజియోనెల్లా బ్యాక్టీరియా పెరిగి ఉండవచ్చు గనుక ప్రతి కుళాయినీ కొన్ని నిమిషాలు వదలాలి. గీజరు స్విచ్ వేసేది మాత్రం దాని వేడినీటి కుళాయి నుంచి ధార ఆగకుండా వచ్చాకే. ఖాళీ గీజరులో హీటింగ్ ఎలిమెంట్ కాలిపోతుంది.