అకారాదిలో చిక్కని పేర్లు

పరిశోధనలో చేరగానే రచయిత్రుల పేర్లన్నీ అకారాదిగా కార్డుల మీద రాసుకున్నాను. 1902లో మొదలైన 'హిందూ సుందరి' తిరగేసేదాకా పరిశోధనంటే అదే అనుకున్నాను. ఒకావిడ ఒకచోట పుట్టింటి పేరుతో, మరోచోట అత్తింటి పేరుతో, ఇంకోచోట ఉత్త పొడి అక్షరాలతో. నా పెట్టెలో ఒక్క మనిషే ముగ్గురైంది!

తొలి తెలుగు కథ 1910 నాటి 'దిద్దుబాటు' అనే మాకు చెప్పారు. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లోనే ఆ పత్రికలో అచ్చయింది. కథ ఎక్కడికీ పోలేదు. స్త్రీల పత్రికలంటే వంటలూ నోములేగా అని అటు చూడలేదు, అంతే.

కార్డులన్నీ మళ్ళీ రాశాను. ముందు పత్రిక, సంవత్సరం, నెల, పుట. ఆ తర్వాతే సంతకం, అచ్చయినది అచ్చయినట్టు. ఆనవాలు తెలియనివారికి వేరే పెట్టె పెట్టాను. అందులోంచి ఇప్పటికి నలుగురే బయటికొచ్చారు.