33 కిలోమీటర్లు, 70 ఏళ్లు

నేను వాల్తేరులో ఎమ్మే ఇంగ్లీషు చదివే రోజుల్లో మా అందరి దగ్గరా ఒక లావుపాటి పుస్తకం ఉండేది. ‘లెగూయీ అండ్ కజామియా’ అనేవాళ్లం. ఇంగ్లీషు సాహిత్య చరిత్ర. ఛాసర్ మీద ప్రశ్న వచ్చినా, రొమాంటిక్ ఉద్యమం మీద వచ్చినా అందులోంచి నాలుగు మాటలు ఎత్తి రాస్తేగాని పరీక్ష గట్టెక్కుతామన్న ధైర్యం ఉండేది కాదు. ఆ రెండు పేర్లూ ఇంగ్లీషు పేర్లు కావన్న సంగతి మాలో చాలామందికి తట్టనేలేదు. అది సొర్బాన్‌లో పాఠాలు చెప్పిన ఇద్దరు ఫ్రెంచి ఆచార్యులు 1924లో ఫ్రెంచిలో రాసిన పుస్తకం. 1926, 1927లలో రెండు సంపుటాలుగా ఇంగ్లీషులోకి వచ్చింది. ఫ్రెంచివాళ్లు ఇంగ్లీషు సాహిత్యాన్ని గురించి రాసుకున్నదాన్ని ఇంగ్లీషు ద్వారా తెలుగువాళ్లం బట్టీపట్టామన్నమాట.

ఇందులో వింతేముంది, జ్ఞానానికి సరిహద్దులు లేవు కదా అని ఎవరైనా అనవచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. తర్వాత ఒక చిన్న విషయం నన్ను ఆపింది. ఆ ఇద్దరిలో కజామియా 1903లో మరో పుస్తకం రాశాడు. 1830–1850 మధ్య ఇంగ్లండులో వచ్చిన సాంఘిక నవల మీద పరిశోధన అది. డికెన్స్, డిజ్రేలీ, మిసెస్ గాస్కెల్, కింగ్స్లీ నవలలను ఫ్యాక్టరీల కాలానికి, ఛార్టిస్టు ఉద్యమ కాలానికి ముడిపెట్టి పరిశీలించాడు. ఆ పుస్తకం ఇంగ్లీషులోకి ఎప్పుడు వచ్చింది? 1973లో. పాఠ్యగ్రంథం రెండు మూడేళ్లలో సముద్రం దాటింది. కార్మికుల ఆకలిని గురించి ఇంగ్లీషు నవల ఏం చెప్పిందో పరిశీలించిన గ్రంథానికి 70 ఏళ్లు పట్టింది. ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మధ్య సముద్రం ఇరుకైన చోట సుమారు 33 కిలోమీటర్లే!

కాబట్టి రెండు భాషల మధ్య మేధావుల ఇచ్చిపుచ్చుకోళ్లు అన్నప్పుడు మనం అడగవలసిన ప్రశ్న ‘ఏవి వచ్చాయి’ అన్నది ఒక్కటే కాదు. ఏవి ఎంత త్వరగా వచ్చాయి, ఎవరు మోసుకొచ్చారు, మోసినవాళ్లకు ఏం జరిగింది అన్నవి కూడా అడగాలి.

టెయిన్ సంగతి చూద్దాం. సాహిత్యాన్ని జాతి, పరిసరం, కాలం అనే మూడింటితో వివరించాలన్న టెయిన్ పేరు మన విమర్శకులకు కొత్తది కాదు. ఆయన ఇంగ్లీషు సాహిత్య చరిత్ర 1863–64లో ప్యారిస్‌లో వెలువడింది. మనిషి మంచిచెడ్డలకు కూడా రసాయన పదార్థాలకు ఉన్నట్టే కారణాలు ఉంటాయన్నందుకు మతపెద్దలు మండిపడ్డారు. ఫ్రెంచి అకాడమీలో ఆ పుస్తకానికి బహుమతి ఇవ్వాలన్న ప్రతిపాదన వస్తే బిషప్ ద్యుపాన్లూ వంటివారు అడ్డుకున్నారు. చివరికి ఎవరికీ ఇవ్వకుండా సరిపెట్టారు. సాహిత్యానికి భౌతిక కారణాలు వెతకడం టెయిన్ చేసిన మేలు. ఆ కారణాల్లో ‘జాతి’ని ముందు నిలిపి వర్గాన్ని చూడకపోవడం ఆయన పరిమితి. ఈ రెండింటినీ కలిపే అంచనా వెయ్యాలి.

ఆ పుస్తకానికి వాన్ లౌన్ చేసిన ఇంగ్లీషు అనువాదం 1871లో వచ్చింది. ఆ ఏడాదే ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం టెయిన్‌ను ఉపన్యాసాలకు పిలిచి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నది మే నెలలో. ఆ నెల 21 నుంచి 28 వరకు ప్యారిస్‌లో ఏం జరిగిందో మనకు తెలుసు. కమ్యూన్‌ను నెత్తుట్లో ముంచారు. వేలాదిమందిని కాల్చి చంపారు. టెయిన్ కమ్యూన్‌ను అసహ్యించుకున్నాడు. తర్వాత ఆయన జీవితమంతా సాగిన పెద్ద రచన ఫ్రెంచి విప్లవం మీద అభియోగ పత్రం లాంటిది. 1864లో ఆయన పుస్తకానికి బహుమతి నిరాకరించిన అకాడమీయే 1878లో ఆయన్ను సభ్యుడిగా ఎన్నుకుంది.

అదే మే నెల 30న, కమ్యూన్ కూలిన రెండు రోజులకు, లండన్‌లో మరో ఫ్రెంచి వ్యవహారం ఇంగ్లీషులో వినిపించింది. మార్క్స్ అంతర్జాతీయ కార్మిక సంఘం జనరల్ కౌన్సిల్ ముందు ‘ఫ్రాన్సులో అంతర్యుద్ధం’ చదివాడు. ఫ్రాన్సు గురించి ఒక జర్మన్ ఇంగ్లీషులో రాసిన పుస్తకమది. దానికి డాక్టరేటు ఎవరూ ఇవ్వలేదు.

ఆ తర్వాత లండన్‌కు కమ్యూన్ ప్రవాసులు వచ్చారు. వారిలో లిస్సగరే ఒకడు. ఆయన రాసిన కమ్యూన్ చరిత్ర 1876లో అచ్చయింది. ప్యారిస్‌లో కాదు, బ్రస్సెల్స్‌లో. దాన్ని ఇంగ్లీషు చేసింది మార్క్స్ చిన్న కూతురు ఎలియనోర్. తండ్రి ఆ అనువాదాన్ని సరిచూశాడు. అది వెలుగు చూసేసరికి 1886 వచ్చింది. అప్పటికి తండ్రి పోయి మూడేళ్లు. ఆ ఏడాదే ఆమె ఫ్లోబేర్ ‘మదామ్ బొవారీ’ని కూడా ఇంగ్లీషులోకి తెచ్చింది. 1857లో ఫ్రాన్సు ప్రభుత్వం కోర్టుకెక్కించిన నవల ఇంగ్లీషు పాఠకుల చేతికి అందడానికి 29 ఏళ్లు పట్టింది. ఎలియనోర్‌కు విశ్వవిద్యాలయంలో ఉద్యోగం లేదు. అనువాదాలూ పాఠాలూ ఆమెకు బతుకుతెరువు. ఆ అనువాదం మీద విమర్శలున్నాయి. కానీ 1965లో అమెరికాలో పాల్ డి మాన్ విద్యార్థుల కోసం ‘మదామ్ బొవారీ’ సిద్ధం చేసినప్పుడు దానికి ఆధారం ఆమె అనువాదమే. పండితుల దారి చివరికి ఆమె వేసిన పునాది మీంచే పోయింది.

ఆమె ‘బొవారీ’ని అచ్చువేసిన హెన్రీ విజెటెలీ కథ రచయితలు మరిచిపోకూడనిది. ఆయన జోలా నవలలను సామాన్యులు కొనగల ధరల్లో ఇంగ్లీషులో ప్రచురించాడు. 1888 మేలో కామన్స్ సభలో సామ్యూల్ స్మిత్ అనే సభ్యుడు ఈ ఫ్రెంచి సాహిత్యం వల్ల దేశం చెడిపోతోందని తీర్మానం పెట్టాడు. ఆ ఏడాదే విజెటెలీ మీద అశ్లీలం కేసు నడిపి 100 పౌండ్ల జుల్మానా వేశారు. 1889లో మళ్లీ కేసు పెట్టి మూడు నెలలు జైలుకు పంపారు. అప్పటికాయనకు డెబ్బై ఏళ్లు దగ్గర పడుతున్నాయి.

ఇక్కడే అసలు మర్మం బయటపడుతుంది. ఫ్రెంచి వచ్చిన పెద్దమనుషులు జోలాను చదువుకుంటూనే ఉన్నారు. 1893లో పత్రికారచయితల సంస్థ జోలాను లండన్‌కు ఆహ్వానించి ఘనంగా సన్మానించింది. 1894లో హేవలాక్ ఎల్లిస్ చేసిన ‘జెర్మినాల్’ పూర్తి అనువాదం చందాదారులకు మాత్రమే, ఖరీదైన ప్రతులుగా వెలువడింది. దాని మీద కేసు లేదు. విజెటెలీ ఆ ఏడు జనవరి 1న కన్నుమూశాడు. అంటే నేరం పుస్తకంలో లేదు, ధరలో ఉంది. గనికార్మికుల సమ్మె కథ గనికార్మికుడి చేతికి వెళ్లడమే అశ్లీలం!

ఇంగ్లండుదే తప్పు, ఫ్రాన్సు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయనుకుంటే పొరపాటు. ఇ. పి. థామ్సన్ ఇంగ్లీషు కార్మికవర్గం రూపొందిన తీరును వివరించిన మహాగ్రంథం 1963లో వచ్చింది. ఫ్రెంచిలోకి 1988లో వెళ్లింది, 25 ఏళ్లకు. హాబ్స్‌బామ్ ఇరవయ్యో శతాబ్దపు చరిత్ర 1994లో వస్తే ఎన్నో భాషల్లోకి వెళ్లింది గాని ప్యారిస్ ప్రచురణకర్తలు ముందుకు రాలేదు. ఖర్చు ఎక్కువనీ, విప్లవం పట్ల ఇంకా మమకారం ఉన్న చరిత్రకారుడికి అప్పటి ఫ్రాన్సులో వాతావరణం అనుకూలంగా లేదనీ పియెర్ నోరా 1997లో తన పత్రికలోనే వివరించాడు. చివరికి ‘లె మోంద్ దిప్లొమాతిక్’ పూనుకుంటే 1999లో అచ్చయింది. ఎక్కడ? లిస్సగరే పుస్తకం అచ్చయిన బ్రస్సెల్స్‌లోనే!

జాప్యమంతా కుట్ర అనడం లేదు. అనువాదానికి డబ్బు కావాలి, శ్రమ కావాలి. కజామియా పరిశోధనను ఇంగ్లీషు పండితులు ఫ్రెంచిలోనే చదువుకున్నారు, అవసరం తోచలేదు అనీ అనవచ్చు. నిజమే. కానీ ఎవరికి అవసరం తోచలేదు? ఫ్రెంచి వచ్చినవాళ్లకు. అదే సమయంలో అవసరం తోస్తే వేగం ఎలా ఉంటుందో కూడా చూశాం. 1966లో ఫూకో రాసిన గ్రంథం 1970కి ఇంగ్లీషులో ఉంది. డెరిడా 1967లో రాసినదాన్ని 1976లో గాయత్రీ చక్రవర్తి స్పివాక్ అనువదించింది. మన ఇంగ్లీషు శాఖలకు ‘ఫ్రెంచి సిద్ధాంతం’ ఆ దారినే, అమెరికా మీదుగా దిగింది. దాన్ని చదవొద్దని నేననను. అది వచ్చిన దారిని కూడా చదవమంటాను.

మాది కాకినాడ. మా ఊరికి సుమారు 30 కిలోమీటర్లలో, గోదావరి ఒడ్డున యానాం ఉంది. 1954 వరకు అది ఫ్రెంచివాళ్ల పాలనలో ఉన్న తెలుగు ఊరు. అక్కడ బడిలో ఫ్రెంచి నేర్చుకున్న తెలుగువాళ్లుండేవారు. అయినా జోలా, మొపాసా మా చేతికి యానాం నుంచి రాలేదు. లండన్ నుంచి, ఇంగ్లీషు వేషంలో వచ్చారు. లండన్ కత్తిరించిన చోటల్లా మాకూ కత్తిరింపే మిగిలింది. లండన్ 70 ఏళ్లు ఆలస్యం చేస్తే మాకూ అంతే ఆలస్యం. మా బల్లల మీద లెగూయీ–కజామియా ఉంది, ఆ కజామియాయే రాసిన సాంఘిక నవల చరిత్ర లేదు. లేదన్న సంగతి కూడా మాకు తెలియదు.

అందుకే విద్యార్థి మిత్రులకు నా మనవి ఒక్కటే. అనువాద గ్రంథం చేతిలోకి తీసుకున్నప్పుడు ముందు రెండు సంవత్సరాలు చూడండి. మూలం ఎప్పటిది, అనువాదం ఎప్పటిది? తర్వాత అనువాదకుడి పేరు చూడండి. ఆ రెండు తేదీల మధ్య ఎవరో ఒక ఎలియనోర్ కూర్చుని రాసి ఉంటుంది, ఎవరో ఒక విజెటెలీ జైలుకు వెళ్లి ఉంటాడు. సాహిత్య చరిత్రలో వాళ్లకూ ఒక అధ్యాయం రాయవలసిన బాధ్యత మనది.